ఎర్రగీతకు ఏ భాష వచ్చు? మౌస్ ముట్టకుండా స్పెల్‌చెకర్ భాష మార్చడం

పోయిన ఎండాకాలంలో ఒక రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ వచ్చింది. సూర్యాపేట వైపు ఒక బడిలో సోషల్ చెప్పే కుర్రాడు, నాకు తమ్ముడి వరస. పుట్టుకతోనే చూపు లేదు. కంప్యూటర్‌ని ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో వాడతాడు. తెర మీద ఉన్నదాన్ని అది చదివి వినిపిస్తుంటే అతను కీబోర్డుతోనే పనంతా చేసుకుంటాడు.

"అన్నా, రేపు పొద్దున రిపోర్టు ఇవ్వాలి. నాలుగు పేజీలు తెలుగు, చివర రెండు పేజీలు ఇంగ్లిష్. తెలుగు వింటుంటే పదం పదానికీ స్పెల్లింగ్ ఎర్రర్, స్పెల్లింగ్ ఎర్రర్ అంటోంది. నేను రాసిందంతా తప్పేనా?"

గొంతులో టెన్షన్ తెలుస్తోంది. ఫైల్ పంపించమని తెరిచి చూశాను. తెలుగు శుభ్రంగా ఉంది. కాకపోతే నాలుగు పేజీల నిండా ప్రతి మాట కిందా ఎర్రగీత. వర్డ్ ఆ తెలుగంతటినీ అమెరికన్ ఇంగ్లిష్ అనుకుంటోంది. ఇంగ్లిష్ నిఘంటువులో "పంచాయతీ" కోసం వెతికితే ఏం దొరుకుతుంది?

మనలాంటి చూపున్నవాళ్ళు ఈ ఎర్రగీతల్ని ఎప్పుడో పట్టించుకోవడం మానేశారు. పాత ఇంటి గోడ మీద పెచ్చుల్లాగా, రోజూ కనపడుతూనే ఉంటాయి, కంటికి ఆనవు. వినేవాడికి అలా కుదరదు. ప్రతి గీతా చెవిలో ఒక మాటై పడుతుంది.

నేను అలవాటుగా మొదలుపెట్టాను: "పైన రివ్యూ అని ఉంటుంది చూడు, దాని కింద కుడివైపు..." అని నాలుక్కరుచుకున్నాను. ఆ తర్వాత చెప్పినదంతా కీల పేర్లతోనే చెప్పాల్సి వచ్చింది. అలా చెబుతున్నప్పుడే నాకొకటి తెలిసింది. ఇన్నేళ్ళుగా మౌస్‌తో ఎక్కడో ఒకచోట నొక్కి పని గడుపుకున్నానే తప్ప, ఈ భాష సెట్టింగ్ అసలు ఎక్కడ ఉంటుందో నాకే సరిగ్గా తెలియదు.

ఒక మాట, నాలుగు అర్థాలు

కంప్యూటర్‌లో "లాంగ్వేజ్" అనే మాట కనీసం నాలుగు వేరువేరు వాటికి వాడతారు. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

మెనూలు, బటన్లు ఏ భాషలో కనిపించాలన్నది మొదటిది. రెండోది కీబోర్డు భాష, అంటే ఒక కీ నొక్కితే ఏ అక్షరం పడాలన్నది. మూడోది, రాసిన మాట మీద పడే భాష ముద్ర. "ఇది తెలుగు", "ఇది ఇంగ్లిష్" అని సాఫ్ట్‌వేర్ ఆ మాట వెనకాల రాసిపెట్టుకునే గుర్తు. నాలుగోది, ఆ భాషకి సంబంధించిన నిఘంటువు మీ కంప్యూటర్‌లో ఉందా లేదా అన్నది.

ఎర్రగీత పడాలా వద్దా అని తేల్చేవి మూడోదీ నాలుగోదీ. మనం వెళ్ళి మార్చేదేమో సాధారణంగా మొదటిదో రెండోదో. విండోస్ మొత్తాన్ని తెలుగులోకి మార్చినా వర్డ్‌లో గీతలు పోలేదని వాపోయినవాళ్ళని చూశాను. పోవు మరి. ఇంటి తలుపుకి రంగు మారిస్తే లోపలి తాళం మారుతుందా?

రెండోదానికీ మూడోదానికీ మధ్య మాత్రం ఒక లంకె ఉంది. ఇది తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. విండోస్‌లో మీరు వర్డ్‌లో టైప్ చేస్తున్నప్పుడు, ఆ క్షణంలో ఏ కీబోర్డు నడుస్తోందో చూసి వర్డ్ ఆ మాటల మీద ఆ భాష ముద్ర వేస్తుంది. విండోస్‌లోనే ఉన్న తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌తోనో, 2019 మే అప్‌డేట్‌తో విండోస్ 10లోకి వచ్చిన తెలుగు ఫొనెటిక్‌తోనో కొడితే తెలుగు ముద్ర పడుతుంది. అదే, ఇంగ్లిష్ కీబోర్డు మీద కూర్చుని లోపల్లోపల అక్షరాలు మార్చే వేరే టైపింగ్ సాధనం వాడితే, కింద నడుస్తున్నది ఇంగ్లిష్ కీబోర్డే కదా అని చాలాసార్లు ఇంగ్లిష్ ముద్రే మిగిలిపోతుంది. మా తమ్ముడి ఫైల్లో జరిగింది ఇదే.

ఇదే లంకె ఇంగ్లిష్‌లోనూ ఇబ్బంది పెడుతుంది. విండోస్‌లో కీబోర్డు మారడానికి విండోస్ కీతో పాటు స్పేస్ నొక్కాలి. ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కినా మారుతుంది. ఈ రెండోది చేతికి తెలియకుండా పడిపోతుంటుంది. మీ జాబితాలో అమెరికా ఇంగ్లిష్, ఇండియా ఇంగ్లిష్ రెండూ ఉన్నాయనుకోండి. ఒక పేరా ఇండియాది, దాని పక్క పేరా అమెరికాది అయి కూర్చుంటుంది. అప్పటిదాకా ఊరుకున్న "కలర్" మాటలో యు అక్షరం ఉందని హఠాత్తుగా గీత గీస్తుంది. మీరు మార్చింది ఏమీ లేదు, వేలు జారిందంతే. వాడని కీబోర్డుని జాబితాలోంచి తీసేయడమే దీనికి మందు. విండోస్ కీ, ఐ కలిపి నొక్కితే సెట్టింగ్స్ తెరుచుకుంటుంది. కర్సర్ వెతుకుడు పెట్టెలోనే ఉంటే లాంగ్వేజ్ అని కొట్టి, కింది బాణంతో దిగి ఎంటర్ నొక్కండి.

ముద్ర ఎక్కడ ఉంటుంది

చాలామంది, ఆ రాత్రి వరకు నాతో సహా, భాష అనేది ఫైల్‌కి ఉండే గుణం అనుకుంటారు. వర్డ్‌లో అది ఫైల్‌ది కాదు. బోల్డ్, ఇటాలిక్ ఎలా అక్షరాలకి అంటుకుని ఉంటాయో భాష కూడా అలాగే అంటుకుని ఉంటుంది. ఒకే వాక్యంలో మొదటి మాట తెలుగు, రెండోది ఇంగ్లిష్, మూడోది ఫ్రెంచ్ కావచ్చు. వేరే చోటి నుంచి కాపీ చేసి తెచ్చిన మాటలు తమ ముద్రని వెంటబెట్టుకునే వస్తాయి. అందుకే కర్సర్ ఎక్కడుంది, ఏది సెలెక్ట్ అయి ఉంది అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. మౌస్ పట్టుకున్నవాడికి ఇది మరుపున పడుతుంది. కీబోర్డుతో పనిచేసేవాడికి కర్సర్ ఎక్కడుందో ఎప్పుడూ ఎరుకే.

ఇక వర్డ్‌లో దారి. మార్చాల్సిన భాగం సెలెక్ట్ చేసుకుని ఆల్ట్ నొక్కి వదలండి. పైన పట్టీ మీద చిన్నచిన్న అక్షరాలు మొలుస్తాయి, స్క్రీన్ రీడర్ ఉంటే చదువుతుంది. ఆర్ కొడితే రివ్యూ, యు కొడితే లాంగ్వేజ్, ఎల్ కొడితే సెట్ ప్రూఫింగ్ లాంగ్వేజ్. ఆల్ట్, ఆర్, యు, ఎల్ అని ఒకదాని తర్వాత ఒకటి, కలిపి పట్టుకోనక్కర్లేదు. మీ వర్డ్‌లో అక్షరం తేడాగా ఉంటే తెర మీద మొలిచినదాన్నే నమ్మండి.

తెరుచుకున్న పెట్టెలో కర్సర్ భాషల జాబితా మీద ఉంటుంది. అన్నిటికంటే పైన, మీరు ఈమధ్య వాడిన భాషలు ఒక జంటగీత పైన విడిగా ఉంటాయి. కింద అక్షర క్రమంలో పెద్ద జాబితా. టి నొక్కితే టితో మొదలయ్యే భాషల దగ్గరికి దూకుతుంది. అక్కడి నుంచి బాణంతో దిగాలి. తమిళం, టాటార్ దాటాక మన తెలుగు, ఇంకొక్క మెట్టు దిగితే థాయ్. ఒకసారి వాడాక తెలుగు పైకి ఎక్కుతుంది కాబట్టి రెండోసారి ఈ ప్రయాణం ఉండదు. ఎంటర్ కొడితే అయిపోయింది. వద్దనుకుంటే ఎస్కేప్.

అదే పెట్టెలో ట్యాబ్ నొక్కుతూ వెళ్తే రెండు టిక్ గళ్ళు తగులుతాయి. ఒకటి స్పెల్లింగ్, గ్రామర్ చూడొద్దు అని చెప్పేది. రెండోది భాషని తానే పోల్చుకొమ్మని చెప్పేది. స్పేస్ బార్‌తో టిక్ పడుతుంది, మళ్ళీ నొక్కితే పోతుంది. సెలెక్ట్ చేసిన భాగంలో కొంత ఒకలా, కొంత ఇంకోలా ఉంటే గడి టిక్ పడీ పడనట్టు మధ్యస్థంగా ఉంటుంది. అలా కనిపించిందంటే మీ సెలెక్షన్‌లో రెండు రకాల సెట్టింగులు కలిసి ఉన్నాయని అర్థం. వర్డ్ మీకు ఊరికే ఇచ్చే సమాచారం అది, వదులుకోవద్దు. రెండో గడిలో టిక్ తీసేయడమే మేలని నా అభిప్రాయం. రెండు మూడు భాషలు కలిపి రాసేవాడికి, తానే పోల్చుకుంటానని ముందుకొచ్చే సాఫ్ట్‌వేర్ చేసే సాయం కంటే చెరుపే ఎక్కువ.

ఆ రాత్రి నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. త్వరగా గండం గట్టెక్కాలని, "కంట్రోల్ ఎ కొట్టి మొత్తం సెలెక్ట్ చెయ్యి. ఆల్ట్, ఆర్, యు, ఎల్. ట్యాబ్ కొట్టి చూడొద్దు అన్న గడిలో టిక్ పెట్టు. ఎంటర్" అన్నాను. చేశాడు. ఒక్కసారిగా ఫైలంతా నిశ్శబ్దం. నేను ఫోన్ పెట్టేయబోతున్నాను.

"అన్నా, మరి ఇంగ్లిష్ పేజీల్లో తప్పులుంటే? అవి కూడా చెప్పదు కదా?"

చెప్పదు. జ్వరం ఎంతుందో తెలియకుండా థర్మామీటర్‌ని పగలగొట్టించాను. ఈ గడి చాలా ఆఫీసుల్లో అపాయకరంగా వాడకంలో ఉంది. ఎవరో ఒకరు టిక్ పెట్టిన పాత ఫైల్‌ని పదిమంది నమూనాగా తీసుకుని దాని మీదే కొత్తవి రాస్తారు. ఎఫ్7 కొడితే తనిఖీ అయిపోయిందంటుంది. అందులోనే, చూడొద్దన్న భాగాన్ని వదిలేశానని కూడా చెబుతుంది. రెండో వాక్యం ఎవరు చదువుతారు?

మళ్ళీ మొదలుపెట్టాం. మొత్తం సెలెక్ట్ చేసి టిక్ తీసేసి, భాష తెలుగు. ఆ తర్వాత ఇంగ్లిష్ పేజీల మొదట్లో కర్సర్ పెట్టి కంట్రోల్, షిఫ్ట్, ఎండ్ కలిపి నొక్కితే అక్కడి నుంచి చివరిదాకా సెలెక్ట్ అవుతుంది. దానికి ఇంగ్లిష్ ఇండియా. మధ్యలో ఒక పేరా మాత్రమే కావాలంటే ఎఫ్8 ఉంది. మొదటిసారి నొక్కితే సెలెక్షన్ మొదలవుతుంది, రెండోసారికి మాట, మూడోసారికి వాక్యం, నాలుగోసారికి పేరా, అయిదోసారికి ఫైల్ మొత్తం. ఇరవై ఏళ్ళుగా వర్డ్ వాడుతూ ఈ కీ జోలికి పోనివాళ్ళు కోకొల్లలు. అందులోంచి బయటికి రావడానికి ఎస్కేప్.

అయినా ఫైల్ చివర్లో ఎక్కడో ఇంకా మోగుతోందన్నాడు. కంట్రోల్ ఎ అంటే అంతా అని పేరేగానీ అంతా కాదు. ఫుట్‌నోట్లు, పేజీ తలకట్టు, అడుగు పట్టీ, టెక్స్ట్ బాక్సులు ఇవేవీ దానికి అందవు. అవి వేరే గదులు. ఫుట్‌నోట్‌లోకి వెళ్ళి అక్కడ మళ్ళీ కంట్రోల్ ఎ కొడితే ఫుట్‌నోట్లన్నీ సెలెక్ట్ అవుతాయి. అప్పుడు భాష మార్చాలి.

చివరికి ఆల్ట్, ఎఫ్7 కలిపి నొక్కమన్నాను. అది తర్వాతి తప్పు దగ్గరికి నేరుగా దూకించే కీ. ఇంగ్లిష్ భాగంలో ఒకే ఒక్కచోట ఆగింది. గవర్నమెంట్ మాటలో ఎన్, ఎమ్ తారుమారయ్యాయి. అది నిజమైన తప్పే.

మీ ఫైల్లో ఒక మాట మీద ఏ ముద్ర ఉందో చూడాలంటే దాని మీద కర్సర్ పెట్టి షిఫ్ట్, ఎఫ్1 నొక్కండి. పక్కన తెరుచుకునే పట్టీలో ఫాంట్, సైజుతో పాటు భాష కూడా రాసి ఉంటుంది. ఎఫ్6 నొక్కుతూ పోతే కర్సర్ పేజీ నుంచి ఆ పట్టీలోకి, కింది స్టేటస్ బార్‌లోకి, పైన రిబ్బన్‌లోకి తిరుగుతుంది. భాష పేరు స్టేటస్ బార్‌లో కూడా ఉంటుంది.

రోజూ రెండు భాషల్లో రాసేవాళ్ళకి ప్రతిసారీ ఈ తతంగం విసుగు. దానికి స్టైల్స్ ఉన్నాయి. తెలుగు అని ఒక స్టైల్, ఇంగ్లిష్ అని ఒక స్టైల్ చేసుకుని వాటిలోనే ఫాంటూ భాషా రెండూ పెట్టేయొచ్చు. స్టైల్ మార్చే పెట్టెలో ఫార్మాట్ అనే బటన్ కింద లాంగ్వేజ్, షార్ట్‌కట్ కీ రెండూ దొరుకుతాయి. ఆ తర్వాత ఒక్క కీ జంటతో పేరా భాష మారిపోతుంది. ఒకసారి పది నిమిషాలు కూర్చుని ఇది చేసుకుంటే ఆ ఫైల్ నమూనా ఉన్నంత కాలం నిశ్చింత. సెట్ యాజ్ డిఫాల్ట్ అనే బటన్ కూడా ఉంది గానీ, అది ఇకముందు తెరిచే కొత్త ఫైళ్ళకే. ఉన్న ఫైల్లో రాసేసిన మాటల మీది ముద్రని అది ముట్టుకోదు.

గీత లేదంటే తప్పు లేదనా?

ఇప్పుడు నాలుగో అర్థం సంగతి. మాట మీద తెలుగు ముద్ర ఉంది, కంప్యూటర్‌లో తెలుగు నిఘంటువు లేదు. అప్పుడేమవుతుంది? ఏమీ కాదు. వర్డ్ ఆ మాటల్ని చూడకుండా వదిలేస్తుంది. గీతలు మాయం. ఆ నిశ్శబ్దాన్ని చూసి తెలుగంతా సరిగ్గా ఉందనుకుంటే మునిగినట్టే. ప్రూఫింగ్ సాధనాలు, అంటే తప్పులు పట్టే నిఘంటువు లాంటివి, లేవని వర్డ్ పైన ఒక పట్టీ చూపిస్తుంది, మనం దాన్ని విసుగ్గా మూసేస్తాం. భాషల జాబితాలో పేరు పక్కన టిక్‌తో ఏబీసీ గుర్తు ఉంటేనే నిఘంటువు ఉన్నట్టు. తెలుగుకి మైక్రోసాఫ్ట్ ఇచ్చే లాంగ్వేజ్ యాక్సెసరీ ప్యాక్ విడిగా వేసుకోవాలి.

వర్డ్‌కి బదులుగా వాడుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్ ఈ విషయంలో మనకి ఇంకాస్త అనుకూలం. అది భాషల్ని మూడు కుటుంబాలుగా విడదీస్తుంది: పాశ్చాత్య లిపులు, చైనా జపాన్ వైపు లిపులు, మన తెలుగు, హిందీ, అరబిక్ లాంటి క్లిష్ట లిపులు. ఒకే పేరాకి ఏకకాలంలో పాశ్చాత్య భాష ఇంగ్లిష్ ఇండియా, క్లిష్ట లిపి భాష తెలుగు అని పెట్టొచ్చు. ఏ అక్షరం ఏ లిపిదో చూసి అదే తగిన నిఘంటువు దగ్గరికి పోతుంది. వాక్యం మధ్యలో ఇంగ్లిష్ మాట వచ్చినా మీరేమీ ముట్టనక్కర్లేదు. ఆల్ట్, ఎఫ్12 కలిపి నొక్కితే ఆప్షన్స్ తెరుచుకుంటుంది. అందులో భాషల విభాగంలో ఈ మూడు పెట్టెలూ ఉంటాయి. తాత్కాలికంగా మార్చాలంటే ఆల్ట్, టి కలిపి టూల్స్ మెనూలోకి వెళ్ళి బాణాలతో లాంగ్వేజ్ దగ్గరికి దిగితే, సెలెక్ట్ చేసిన భాగానికా, పేరాకా, మొత్తానికా అని అడుగుతుంది. షిఫ్ట్, ఎఫ్7 కొడితే గీతలు మొత్తంగా వస్తాయి, పోతాయి. ఒకే కీ కాబట్టి రాసేటప్పుడు ఆపేసి, దిద్దేటప్పుడు పెట్టుకోవడం నా అలవాటు.

గూగుల్ డాక్స్‌ది మరో పద్ధతి. అక్కడ భాష నిజంగానే ఫైల్‌కి ఉండే గుణం, ఫైల్ మెనూలోని లాంగ్వేజ్ దగ్గర ఉంటుంది. మెనూల్లో వెతకడం ఎందుకనుకుంటే ఆల్ట్‌తో పాటు ముందుకు వాలిన గీత కీ నొక్కి, లాంగ్వేజ్ అని కొడితే ఆ వరుసే పైకి వస్తుంది.

బ్రౌజర్లో రాసేటప్పుడు, అంటే మెయిల్, ఫారాలు, వ్యాఖ్యల పెట్టెలు, ముద్ర అనేది ఉండదు. ఏ నిఘంటువు తీసి పెట్టుకుంటే దాంతోనే చూస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో రాసే పెట్టెలో కర్సర్ ఉంచి షిఫ్ట్, ఎఫ్10 నొక్కితే కుడి క్లిక్ చేస్తే వచ్చే మెనూయే వస్తుంది. అందులో కింద లాంగ్వేజెస్ ఉంటుంది. కుడి బాణంతో లోపలికి వెళ్ళి ఎంటర్. 2022లో వచ్చిన 100వ వెర్షన్ నుంచి ఒకటి కంటే ఎక్కువ భాషలకి ఒకేసారి టిక్ పెట్టుకోవచ్చు. మనకి ఇది పెద్ద ఊరట. ఇక్కడ ఒక చిన్న చిక్కు. చాలా పాత కీబోర్డుల మీద కుడివైపు మెనూ బొమ్మ ఉన్న కీ ఒకటి ఉండేది, దాన్ని నొక్కినా ఇదే మెనూ. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో దాన్ని తీసేస్తున్నారు. 2024 నుంచి కొన్నిటిలో ఆ చోట్లో కోపైలట్ కీ వచ్చి కూర్చుంది. షిఫ్ట్, ఎఫ్10నే అలవాటు చేసుకోండి. ల్యాప్‌టాప్‌లో పైవరుస కీలు వెలుతురు, శబ్దం మార్చేవిగా ఉంటే ఎఫ్ఎన్ కీ కూడా కలపాలి.

మ్యాక్ వాడేవాళ్ళకి కమాండ్, సెమీకోలన్ నొక్కితే తర్వాతి తప్పు. దానికి షిఫ్ట్ కూడా చేరిస్తే స్పెల్లింగ్ కిటికీ, అందులో భాషల జాబితా. ఆ జాబితాలోకి ట్యాబ్ వెళ్ళకపోతే కంట్రోల్, ఎఫ్7 ఒకసారి నొక్కాలి.

అసలు తెలుగుకే ఎందుకింత కష్టం

ముద్ర సరిచేశారు, నిఘంటువు వేశారు. అయినా మంచి తెలుగు మాటల కింద గీతలు పడతాయి. ఇది మాత్రం సెట్టింగ్స్‌తో తీరేది కాదు.

లిబ్రెఆఫీస్, ఫైర్‌ఫాక్స్ లాంటివాటి లోపల పనిచేసే స్పెల్‌చెకర్ పేరు హన్‌స్పెల్. హంగేరీకి చెందిన లాస్లో నేమెత్ దాన్ని చేశాడు, పేరులోని హన్ ఆ దేశానిదే. అంతకుముందున్న మైస్పెల్ ఇంగ్లిష్ లాంటి భాషలకి సరిపోయిందిగానీ, మాట వెనక ప్రత్యయాలు ఒకదాని మీద ఒకటి పేర్చే హంగేరియన్‌కి చాల్లేదు. అందుకే హన్‌స్పెల్ పుట్టింది. అందులో రెండు ఫైళ్ళ ఏర్పాటు ఉంటుంది. ఒకదాంట్లో మూలపదాలు, రెండోదాంట్లో ఆ పదాలకి ఏ ప్రత్యయాలు ఎలా చేరతాయో చెప్పే నియమాలు. తెలుగుకీ హన్‌స్పెల్ నిఘంటువు ఉంది, లిబ్రెఆఫీస్‌తో దొరుకుతుంది.

కానీ మన మాటలు చూడండి. "వచ్చేస్తున్నానన్నాడుగా" అన్నది ఒకటే మాట. ఇంగ్లిష్‌లో ఇది అయిదారు మాటలు. "వాడెక్కడున్నాడో" మూడు మాటల సంధి. "ఇల్లు" అని నిఘంటువులో ఉంటే "ఇంటికి", "ఇళ్ళల్లో" దాన్నుంచే పుట్టాయని నియమం రాసి చెప్పాలి. మూలపదాల జాబితా ఎంత పెద్దదైనా, ఈ అతుకుల నియమాలు పూర్తిగా రాస్తే తప్ప పని నడవదు. రాసేవాళ్ళు కొద్దిమంది, అదీ తీరిక వేళల్లో.

దీని మీద మనలో మనకే తేలని పంచాయితీలు కొన్ని ఉన్నాయి. వెళ్ళారా, వెళ్లారా? చేశారా, చేసారా? పత్రికకొక తీరు. స్పెల్‌చెకర్ ఏదో ఒక పక్షాన నిలబడాలి, నిలబడితే రెండో పక్షానికి గీత. ఇంకొకటి కంటికి కనపడనిది. సాఫ్ట్‌వేర్ అని రాసినప్పుడు ట కింద వ వత్తు చేరకుండా ఆపడానికి మధ్యలో వెడల్పులేని ఒక గుర్తు పెడతాం. అది పెట్టిన మాట, పెట్టని మాట స్పెల్‌చెకర్‌కి రెండు వేరు మాటలు. నిఘంటువులో ఏది ఉందో దాన్నిబట్టి ఒకదానికి గీత, రెండోదానికి లేదు. చదివే కన్నుకి తేడా చిన్నదే. యంత్రం అక్షరాలు లెక్కపెడుతుంది కాబట్టి దానికి అది తేడాయే.

విసుగొచ్చి చాలామంది చేసేది, మెనూ తెరిచి యాడ్ టు డిక్షనరీ కొట్టడం. సరైన తెలుగు మాట అయితే మంచిదే. భాష ముద్ర తప్పుగా ఉన్న ఫైల్లో కసిగా కొడుతూ పోతే మాత్రం చెత్త చేరుతుంది. నేను ఒకసారి అలా కొడుతూ ఇంగ్లిష్ రిసీవ్ మాటని ఐ, ఈ తారుమారుగా చేర్చేశాను. వర్డ్‌లో సొంత నిఘంటువు మామూలుగా అన్ని భాషలకీ ఒకటే. ఏడాది పాటు ఆ తప్పుని అది దర్జాగా ఒప్పుకుంది. పట్టుకున్నది నేను కాదు, నా ఉత్తరం అందుకున్నవాళ్ళు.

డీటీపీ సెంటర్లలో పనిచేసినవాళ్ళు ఈపాటికి ఒక ప్రశ్న అడిగి ఉంటారు: అను ఫాంట్ల సంగతేంటి? ఆ పాత పద్ధతిలో తెర మీద కనిపించేది తెలుగే గానీ ఫైల్లో ఉన్నది ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులే. ఫాంట్ వాటికి తెలుగు వేషం వేస్తుంది. ఫాంట్ తీసేస్తే అర్థంపర్థం లేని గీతలు మిగులుతాయి. అలాంటి దానికి తెలుగు ముద్ర వేసినా ప్రయోజనం లేదు, తెలుగు నిఘంటువుకి అందులో ఒక్క అక్షరం కూడా పోలికపడదు. స్క్రీన్ రీడర్ దాన్ని చదివితే వినేవాడి తల తిరుగుతుంది. తనిఖీ వద్దు అన్న టిక్‌కి న్యాయమైన చోటు ఇదొక్కటే. లేదా యూనికోడ్‌లోకి, అంటే తెలుగు అక్షరాన్ని ఫైల్లో తెలుగు అక్షరంగానే దాచే పద్ధతిలోకి, మార్చుకోవాలి.

స్క్రీన్ రీడర్ మాట వచ్చింది కాబట్టి ఒకటి. ఈ ముద్ర స్పెల్‌చెకర్ ఒక్కదానికే పనికొచ్చేది కాదు. ఎన్‌వీడీఏలో, భాష ముద్రని బట్టి గొంతు తానే మారే ఏర్పాటు ఉంది. దాంతో వచ్చే ఈస్పీక్ గొంతుల్లో తెలుగూ ఉంది. వెబ్ పేజీలో తెలుగు భాగానికి తెలుగు అని ముద్ర ఉంటే అక్కడికి రాగానే తెలుగు గొంతుతో చదువుతుంది. ముద్ర తప్పైతే గొంతూ తప్పుతుంది. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. చూపున్నవాళ్ళు కూడా ఒకసారి వేసుకుని, తెర ఆర్పేసి, సొంత ఫైల్‌ని వింటే తెలుస్తుంది, మనం ఎంత గజిబిజిగా పంపుతున్నామో.

తమ్ముడు ఇప్పుడు రెండు స్టైల్స్ చేసుకున్నాడు, వాటికి కీలు కూడా పెట్టుకున్నాడు. మొన్న నేనొక పది పేజీల వ్యాసం చదివి చెప్పమని పంపాను. అరగంటలో ఫోన్.

"అన్నా, విషయం బాగుంది గానీ తెలుగంతా అమెరికా ఇంగ్లిష్ ముద్రతో పంపావ్. సరిచేసి మళ్ళీ పంపు. ఫుట్‌నోట్లు మర్చిపోకు."